సెంటెన్స్ కరెక్షన్ కోర్సు రివ్యూ: ప్రశ్నలకి నాలుగు స్టార్లు, వివరణలకి రెండే

కోర్సు పేరు రాయట్లేదు కానీ ఇలాంటివి వాడినవాళ్ళకి ఏ టైపో తెలిసిపోతుంది, కొన్ని వీడియోలు, టాపిక్ వారీగా విడగొట్టిన క్వశ్చన్ బ్యాంక్, ప్రతి ప్రశ్న కింద వివరణ, ఫోన్‌కి ఒక యాప్. 2023లో జీమ్యాట్ (ఎంబీఏ సీట్ల కోసం రాసే పరీక్ష) కోసం కొన్నా, ఈ మధ్య మా చెల్లి శాట్ (అమెరికాలో డిగ్రీ చదవడానికి రాసే పరీక్ష) రాస్తానంటే అదే అకౌంట్ తెరిచి (పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది!) పక్కన కూర్చుని మళ్ళీ మొత్తం చూశా. అప్పుడు టెన్షన్‌లో కనపడనివి చాలా ఇప్పుడు కనపడ్డాయి.

ముందు ఒక మాట, ఇప్పుడు జీమ్యాట్‌కి చదివేవాళ్ళు దీని జోలికి పోకండి. 2023 నవంబర్‌లో కొత్త జీమ్యాట్ మొదలైంది, అందులో సెంటెన్స్ కరెక్షన్, అంటే వాక్యంలో తప్పు సరిదిద్దే ప్రశ్నలు, తీసేశారు, పాత పరీక్ష కూడా 2024 జనవరితో అయిపోయింది. ఇప్పుడు వెర్బల్ (ఇంగ్లీష్ భాగం) అంటే 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు, రీడింగూ క్రిటికల్ రీజనింగూ (ఒక వాదనలో బలం, లోపం పట్టుకునేవి) అంతే. అయినా వీళ్ళు జీమ్యాట్ గ్రామర్ అన్న ట్యాబ్ పీకలేదు, చూసినవాళ్ళు ఇంకా ఉంది కాబోలు అనుకుని కొనేస్తారు.

సరే బాగున్న దానికొస్తా. క్వశ్చన్ బ్యాంక్ నిజంగా సూపర్. పాత జీమ్యాట్ పద్ధతి తెలుసు కదా, వాక్యంలో కొంత భాగం కింద గీత ఉంటుంది, అయిదు ఆప్షన్లు, ఏ అంటే ఉన్నది ఉన్నట్టు, మిగతా నాలుగూ మార్పులు. నేను మొదట్లో అయిదూ వాక్యంలో పెట్టుకుని చదువుకుంటూ పోయేదాన్ని, మూడోది చదివేసరికి మొదటిది మర్చిపోయేదాన్ని. ఈ కోర్సు వాళ్ళు ఒక్కటే నూరిపోశారు, అడ్డంగా చదవకు, నిలువుగా చూడు. అయిదు ఆప్షన్లలో మాట ఎక్కడ మారుతోందో పట్టుకో, రెండింట్లో వాజ్, మూడింట్లో వర్ ఉంటే సబ్జెక్ట్ ఎవరో ఒక్కటి తేల్చుకో, ఒక్క దెబ్బకి రెండో మూడో పోతాయి. ‘ది టీచర్, అలాంగ్ విత్ హర్ స్టూడెంట్స్, వాజ్ వెయిటింగ్’ లాంటివి ఇలాగే పడతాయి, స్టూడెంట్స్‌ని చూసి వర్ పెట్టేస్తాం కానీ అలాంగ్ విత్ తర్వాత ఎంతమంది వచ్చినా లెక్కలోకి రారు, టీచర్ ఒక్కత్తే. దీనికే ఒక ముప్పై ప్రశ్నలు ఇచ్చారు, ప్రతి దాంట్లో సబ్జెక్ట్‌నీ వెర్బ్‌నీ ఇంకొంచెం దూరం జరుపుతూ. ఎవరో కూర్చుని ఓపికగా రాసిన సెట్ అది.

కంపారిజన్ సెట్ కూడా అంతే. ‘సాలరీస్ ఆఫ్ నర్సెస్ ఆర్ లోవర్ దాన్ డాక్టర్స్’, చదివితే ఏం తప్పుందో చెప్పండి? జీతాన్ని తీసుకెళ్ళి డాక్టర్ అనే మనిషితో పోల్చారు, ‘దాన్ దోజ్ ఆఫ్ డాక్టర్స్’ రావాలి. ఆ సెట్ చేశాక కొన్నాళ్ళు పేపర్ చదువుతున్నా దేన్ని దేనితో పోలుస్తున్నాడ్రా బాబూ అని వెతుక్కునేదాన్ని.

ఇంక వివరణల దగ్గరికి వస్తే మండుతుంది. సగం వివరణల్లో చివరికి తేలేది ‘ఆప్షన్ సీ సౌండ్స్ ఆక్వర్డ్’. ఎవరికి ఆక్వర్డ్? ‘అమ్మ వచ్చాడు’ అని ఎవరైనా అంటే మనకి చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, రూల్ తెలియక్కర్లేదు. ఈ వివరణలు రాసినవాళ్ళకి ఇంగ్లీష్ అలా గుచ్చుకుంటుంది, నాకు గుచ్చుకోదు, గుచ్చుకుంటే కోర్సు ఎందుకు కొంటాను!

ఒక ప్రశ్న మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ‘ది కమిటీ రికమెండెడ్ దట్ ది డైరెక్టర్’ తర్వాత ‘రిజైన్స్’ ఒక ఆప్షన్, ‘రిజైన్’ ఇంకో ఆప్షన్. డైరెక్టర్ ఒక్కడే కదా, ముప్పై ప్రశ్నలు రుద్ది రుద్ది నేర్పారు కదా, రిజైన్స్ పెట్టా. తప్పు. వివరణ చూస్తే ఆక్వర్డ్ అని ఒక లైన్. రెండు రోజులు అగ్రిమెంట్ (సబ్జెక్ట్‌కి తగ్గ వెర్బ్ పెట్టడం) చాప్టర్ మళ్ళీ మొత్తం తిరగేశా నాకే ఏదో అర్థం కాలేదేమో అని. అసలు సంగతి ఏంటంటే రికమెండ్, డిమాండ్, ఇన్‌సిస్ట్ లాంటివి ఎవరో ఏదో చెయ్యాలని చెప్పే అర్థంలో వచ్చినప్పుడు దట్ తర్వాత వెర్బ్ ఏ తోకా లేకుండా వస్తుంది, హీ అయినా దే అయినా రిజైనే, ఈజ్ రావాల్సిన చోట కూడా ‘బీ’. సబ్జంక్టివ్ అంటారు. ఈ రెండు ముక్కలు రాయడానికి ఏం పోయేకాలం?

మాడిఫైయర్ల (వాక్యంలో ఇంకోదాని గురించి చెప్పే ముక్కల) చాప్టర్ ఫర్వాలేదు కానీ నాకు ఆ విషయం ఎక్కింది వీడియో వల్ల కాదులెండి, తెలుగు వల్ల. ‘వాకింగ్ టు ది స్టేషన్, ది రెయిన్ స్టార్టెడ్’ ఎందుకు తప్పో ఎంతకీ తలకెక్కలేదు, ఎందుకంటే మనసులో ‘స్టేషన్‌కి నడుస్తుంటే వర్షం మొదలైంది’ అని చదువుకుంటున్నా, అది తెలుగులో శుభ్రంగా ఉంది. ఒకరోజు ఎందుకో ‘నడుస్తూ’ అని పెట్టి చూశా, ‘స్టేషన్‌కి నడుస్తూ వర్షం మొదలైంది’. వర్షం నడుచుకుంటూ స్టేషన్‌కి పోతోంది! అప్పట్నుంచి వాక్యం మొదట్లో ఇంగ్‌తో ముక్క వచ్చి కామా పడితే నేను తూ పెట్టే చదువుతా, కామా తర్వాత ఆ పని చేసే మనిషి లేకపోతే ఆప్షన్ కొట్టేస్తా.

షార్ట్‌కట్ల వీడియో ఒకటుంది, దాన్ని స్కిప్ చేసెయ్యండి. బీయింగ్ ఉంటే కొట్టెయ్యి, పొట్టిగా ఉన్న ఆప్షన్ పెట్టెయ్యి అంటాడు. చాలాసార్లు పని చేస్తుంది కూడా, అదే ప్రమాదం, నమ్మకం కుదిరాక ఒకచోట బీయింగే కరెక్ట్ ఆన్సర్ అవుతుంది. వాళ్ళ సొంత బ్యాంక్‌లోనే అలాంటివి రెండు దొరికాయి నాకు.

యాప్ సంగతి ఏం చెప్పను. ఫోన్‌లో తెరిస్తే కొన్ని ప్రశ్నల్లో కింద గీత కనిపించదు. సెంటెన్స్ కరెక్షన్‌లో గీత లేకపోతే ఎక్కడిదాకా మార్చాలో ఎలా తెలుస్తుంది? లాప్‌టాప్‌లోనే చెయ్యండి.

శాట్‌కి కొనేవాళ్ళకి: ఇప్పటి డిజిటల్ శాట్ గ్రామర్ ప్రశ్నల్లో గీతలు ఉండవు, చిన్న పేరా, మధ్యలో ఖాళీ, నాలుగు ఆప్షన్లు. అగ్రిమెంట్, మాడిఫైయర్లు అక్కడా పనికొస్తాయి, కానీ శాట్ కామాలూ సెమీకోలన్లూ బాగా అడుగుతుంది, ఈ కోర్సులో వాటికి ఒకే ఒక్క వీడియో, అదీ తొందర తొందరగా లాగించేశారు. రెండు వైపులా దేనికది పూర్తి వాక్యమైతే మధ్యలో ఉత్త కామా పెట్టకూడదని చెప్పి వదిలేశారు. మా చెల్లి ఇంకోటి కనిపెట్టింది, మాటలన్నీ అవే ఉండి ఒక ఆప్షన్‌లో ఫుల్‌స్టాప్, ఇంకోదాంట్లో సెమీకోలన్ మాత్రమే తేడా అయితే రెండూ కొట్టెయ్యొచ్చట, రెండు వాక్యాల మధ్య ఆ రెండూ ఒకే పని చేస్తాయి, కరెక్ట్ ఆన్సర్ రెండు ఉండవు కదా. కోర్సులో ఇది ఎక్కడా లేదు.

ఆ డైరెక్టర్ ప్రశ్న గురించి అప్పట్లోనే సపోర్ట్‌కి మెయిల్ పెట్టా, మీ ఫీడ్‌బ్యాక్ మాకు ముఖ్యం అని రిప్లై వచ్చింది. మొన్న చెల్లితో చేయిస్తూ అదే ప్రశ్న దగ్గర ఆగి వివరణ తెరిచా. ఇంకా ఆక్వర్డే.