మాట్లాడే ఇంజన్ల కథలు: కొన్నేళ్లు చదివి వినిపించిన మీదట

పర్లాకిమిడిలోని మా ఇంట్లో పిల్లలకు బడిభాష ఒడియా, ఇంటిభాష తెలుగు. మాట్లాడే బండ్ల కథలు మాకు దొరికినవి ఎక్కువగా ఆంగ్లంలోనే కాబట్టి, వాటిని చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం నా వంతు అయింది. అబ్బాయికి మాటలు వస్తున్న రోజుల్లో మొదలైన ఈ పని ఇప్పుడు చిన్నమ్మాయి దాకా సాగింది గనుక, వీటిలో ఏవి నలిగి అట్టలూడాయో, ఏవి కొత్తవిగానే బీరువాలో ఉండిపోయాయో చెప్పగలను.

అందరికంటే ఎక్కువగా నలిగింది ఆడ్రీ రాసిన రైలు కథల మొదటి పుస్తకం. ఆడ్రీ ఇంగ్లండులో చర్చి మతాధికారి. తట్టు పోసి మంచాన పడిన కొడుకుకు కాలక్షేపానికి చెప్పిన కథలే 1945లో పుస్తకమయ్యాయి. ఇప్పుడు బొమ్మల దుకాణాలన్నింటా కనిపించే థామస్ అనే ఇంజను అందులో లేనే లేడు. 1946 నాటి రెండో పుస్తకంలో గాని రాలేదు. చేతిలో ఇమిడే చిన్న పుస్తకం, ఒక పేజీలో కథ, ఎదుటి పేజీలో బొమ్మ. పిల్ల బొమ్మ చూస్తున్నంతసేపూ తెలుగు వాక్యం కూర్చుకునే వ్యవధి నాకు దొరికేది.

అందులో గోర్డన్ అనే పెద్ద ఇంజను గూడ్సు బండి లాగడం తన హోదాకు తక్కువని విసుక్కుంటూ బయలుదేరి ఎత్తు మీద ఆగిపోతే, అందరూ తీసిపారేసే ఎడ్వర్డ్ వెనుక నుంచి నెట్టి గట్టెక్కిస్తాడు. పైకి చేరగానే గోర్డన్ వెనక్కి చూడకుండా దిగువకు దూసుకుపోతాడు. మా అమ్మాయి ఆ పేజీ మీద వేలు పెట్టి, “ఒక మాటైనా అనకుండా ఎలిపోనాదేటమ్మా?” అని చాలా రాత్రులు అడిగింది. కృతజ్ఞత గురించి రచయిత ఉపన్యాసం ఇవ్వడు. బరువు, ఎత్తు, వెనుక నుంచి వచ్చే ఊతం, అన్నీ రైలు సంగతులే, వాటిలోంచే పిల్లకు ఆ ప్రశ్న పుట్టింది. ఈ తరహా కథలకు నా గీటురాయి ఇదే. బండి బండిలా నడుస్తూ బుద్ధి చెప్పాలి. మనిషి మాటలకు చక్రాలు తగిలిస్తే చాలదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. వానకు రంగు పాడవుతుందని సొరంగంలోంచి రానన్న హెన్రీని, పట్టాలు తీసి, ఎదుట గోడ కట్టి లోపలే ఉంచేసే కథ కూడా ఇందులో ఉంది. ఆ శిక్ష నాకు ఇప్పటికీ మితిమీరినదిగానే తోస్తుంది. అతన్ని బయటికి తెచ్చే చివరి కథను కూడా అదే రాత్రి చదివేయడం మంచిది.

వాటీ పైపర్ పేరుతో 1930లో వచ్చిన చిన్న నీలి ఇంజను కథ, ‘నా వల్ల అవుతుంది’ అనుకుంటూ కొండెక్కే కథ, మూడు నాలుగేళ్ల వారికి బాగా పట్టుబడుతుంది, ఆ పల్లవిలో చక్రాల లయ ఉంది గనుక. అయితే కోరాపుట్ ఘాట్లలో ఖనిజం బండ్లకు ఒకటికి మించి ఇంజన్లు తగిలించడం చూసివచ్చాక మావాడు, “అనుకుంటే సరిపోతే అన్ని ఇంజన్లు ఎందుకు?” అన్నాడు. ఎడ్వర్డ్ కథ ఆ ప్రశ్నకు నిలబడుతుంది, ఇది నిలబడదు.

టూటిల్ అనే పిల్ల ఇంజను కథ కూడా 1945 నాటిదే. పచ్చికలో పూలతో ఆడుకోవడానికి పట్టాలు దిగిన టూటిల్‌ను ఊరంతా నక్కి ఎర్రజెండాలు చూపి దారికి తెస్తుంది. రైలు పట్టాలు దిగకూడదన్నది నిజమే, కానీ ఆ పన్నాగం నాకు నచ్చలేదు. 1950లోనే సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ రీస్‌మన్ ఈ కథను తప్పుపట్టాడు. కొరియా నుంచి 2011లో వచ్చిన రోబోకార్ పోలి టీవీ కథలు రోడ్డు జాగ్రత్తలు చెబుతాయి. మా ఇంట్లో మిగిలింది సైరన్ మోత.

నాకున్న పెద్ద లోటు వేరు. నౌపడ నుంచి 1900లో మా ఊరికి, 1931లో గుణుపురానికి వచ్చి, గేజి (పట్టాల మధ్య వెడల్పు) మార్పిడి కోసం 2004లో ఆగిపోయిన రెండున్నర అడుగుల పట్టాల చిన్నబండికి పిల్లల పుస్తకం ఒక్కటీ నా కంటబడలేదు. దాని ఇంజను నీళ్లకు ఆగే ముచ్చట్లు మా మామగారు నోటితో చెబుతారు, పిల్లలు గోర్డన్‌ను కూడా పక్కన పెట్టి వింటారు.

ఒక్కటే కొనగలిగితే ఆడ్రీ మొదటి పుస్తకం కొనండి, నాలుగేళ్లు నిండాక మొదలుపెట్టండి. నీలి ఇంజనును అంతకంటే ముందే చదవవచ్చు. టూటిల్‌ను ఎవరినైనా అడిగి తెచ్చుకుని ఒకసారి చూస్తే చాలు.