థైరాయిడ్ బిళ్లతో ఏడేళ్లు: నా డోసు ఎక్కడ తప్పిందంటే

థైరాయిడ్ బిళ్ల పరగడుపున వేసుకోవాలని మెడికల్ షాపులో కుర్రాడు కూడా చెప్తాడు. దాని పక్కన ఏం వేసుకోకూడదో మాత్రం నాకు రెండేళ్ల పాటు ఎవరూ చెప్పలేదు. ఈ మందు మీద నాకు కోపం ఉందంటే ఆ ఒక్క విషయంలోనే. బ్రాండ్ పేరు రాయడం లేదు. ఏ సీసాలోనైనా ఉండేది లెవోథైరాక్సినే (ఒంట్లో తగ్గిన థైరాయిడ్ హార్మోన్‌కు బదులు ఇచ్చే మందు), నాకు జరిగింది ఏ బ్రాండ్ వాడినా జరిగేదే.

2018లో మొదలుపెట్టాను. అప్పుడు నా టీఎస్‌హెచ్ 18.4. థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె అది. ఎక్కువ ఉంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలట్లేదని, మరీ తగ్గిపోతే ఎక్కువైందని అర్థం. 50 మైక్రోగ్రాముల బిళ్లతో మొదలుపెట్టి, ఆరు వారాల తర్వాత 75 చేశారు. ఇంకో రెండు నెలలకు టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బు తగ్గింది. స్కూల్లో మూడో పీరియడ్‌కే కుర్చీ వెతుక్కునే నీరసం పోయింది. ఇంత చిన్న బిళ్ల ఇంత పని చేస్తుందా అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

2020 చివర్లో నెలసరి ఎక్కువై రక్తం తగ్గింది. హిమోగ్లోబిన్ 8.9. వేరే డాక్టరమ్మ ఐరన్, క్యాల్షియం మాత్రలు రాశారు. పొద్దున ఆరున్నరకు బస్సు. అన్నీ ఒకేసారి వేసుకుంటే మర్చిపోను అనుకున్నాను. థైరాయిడ్ బిళ్ల, ఐరన్, క్యాల్షియం అరచేతిలో పోసుకుని ఒక్క గ్లాసు నీళ్లతో మింగేదాన్ని. పది నిమిషాలకు అత్తయ్య టీ చేతికిచ్చేవారు.

మూడు నెలలకు టీఎస్‌హెచ్ 11. డోసు 100 చేశారు. మళ్లీ పరీక్ష చేస్తే 9.6. 125 చేశారు. అప్పటికీ 6 దాకానే దిగింది. జుట్టు దువ్వెన నిండా వచ్చేది. నా జబ్బు ముదురుతోందని నేను నమ్మేశాను. ప్రతిసారీ రిపోర్టు చూసి అంకె పెంచారే తప్ప, ఇంకేం మందులు వాడుతున్నావని ఆ క్లినిక్‌లో ఒక్కసారీ అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. బలం మాత్రలు కూడా మందుల లెక్కలోకి వస్తాయని నేను అనుకోలేదు.

2022 ఎండాకాలానికి హిమోగ్లోబిన్ 12 దాటింది. బలం మాత్రలు రెండూ ఆపేశాను. అసలు కథ అక్కడ మొదలైంది.

నెల తిరగకుండానే నిద్ర పోయింది. రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది. బోర్డు మీద రాస్తుంటే చాక్‌పీస్ వణికేది, పిల్లలు చూస్తున్నారని చేయి కిందికి దించేదాన్ని. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. మా ఆయన భయపడి ఒకరోజు రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసీజీలో గుండె వేగం 118 ఉంది, ఇంకే తేడా లేదు. మర్నాడు టీఎస్‌హెచ్ చేయిస్తే 0.03.

తర్వాత వెళ్లిన హార్మోన్ల డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, "లేచిన దగ్గర్నుంచి స్కూలుకెళ్లే దాకా నోట్లో ఏమేం పడతాయో వరుసగా చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. రెండు నెలల కిందటి దాకా ఏం వేసుకునేదాన్నో కూడా చెప్పాను. ఆయన అక్కడే ఆపేశారు. ఐరన్, క్యాల్షియం పేగులో ఈ మందును పట్టేసుకుంటాయట, అది సరిగా రక్తంలోకి ఎక్కదట. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు. అంటే నేను 125 మింగుతున్నా ఒంటికి పట్టింది అందులో కొంతే. అడ్డం తీసేసరికి 125 మొత్తం పట్టింది. జబ్బు ముదరలేదు, డోసు అంతకంతకూ పెరిగిందంతే. గ్యాస్ మాత్రల వల్ల కూడా ఈ మందు పట్టడం తగ్గుతుందని అప్పుడే తెలిసింది. మా ఇంట్లో అవి లేని రోజు ఉండదు.

ఆ గదిలో ఏడ్చేశాను. ఆ ఒక్క ప్రశ్న ఏడాది ముందు ఎవరైనా అడిగుంటే ఆ రాత్రులు ఉండేవి కావు.

ఆయన మళ్లీ 75 చేశారు. దడ వెంటనే తగ్గలేదు. రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికే వారం పడుతుందట. అందుకే డోసు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేస్తారు. పది రోజులకే ల్యాబుకు పరుగెత్తి ఆ అంకెతో టెన్షన్ పడటం నేనూ చేశాను, ఆ డబ్బు దండగ.

మొదట్లో 75ను అంత పొగిడాను కానీ, ఈసారి దానితో టీఎస్‌హెచ్ 4.6 దగ్గర ఆగింది. సాయంత్రాలు మళ్లీ బరువుగా ఉండేవి. 88 చేశాక 2 దగ్గర కుదిరింది. మూడేళ్లుగా అదే వాడుతున్నాను. డాక్టర్లు చూసే లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాములు వేస్తే నా 62 కిలోలకు దాదాపు 100 రావాలి. నా గ్రంథి ఇంకా కొంత పనిచేస్తోంది కాబట్టి 88 చాలిందన్నారు. దడ తగ్గాక ఆ మూడు కిలోలు తిరిగొచ్చాయి. ఈ బిళ్లతో సన్నబడతానని మొదట్లో అనుకున్నాను, అది జరగలేదు. జుట్టు సగమే తిరిగొచ్చింది. జుట్టుకని బయోటిన్ అనే విటమిన్ వాడేదాన్ని. దానివల్ల థైరాయిడ్ పరీక్షలో అంకెలు తప్పు రావచ్చని, రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపమన్నారు.

ఇప్పుడు అయిదింటికి అలారం పెట్టుకుని బిళ్ల వేసుకుని మళ్లీ పడుకుంటాను. టీ ఆరింటికి. రాత్రి భోజనమయ్యాక మూడు గంటలు ఆగి కూడా వేసుకోవచ్చన్నారు కానీ, మా ఇంట్లో తినేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, నాకు కుదరదు.

నాకు 88 సరిపోయిందని ఎవరూ ఆ అంకె పట్టుకోవద్దు. అమ్మకు గుండె జబ్బు ఉంది, ఆమెకు 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు. చెల్లికి గర్భం అని తెలిసిన వారంలోనే డోసు పెంచారు. నాకు ఆ రెండూ లేవు.

ఈ నెల మళ్లీ ఐరన్ రాశారు. ఈసారి రాసేటప్పుడే థైరాయిడ్ సంగతి నేనే ముందు చెప్పాను. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటున్నాను. పరీక్షకు ఇంకా నాలుగు వారాలుంది.