ఫ్లడ్ ఇన్సూరెన్స్: ఫెడరల్ పాలసీ మేలా, ప్రైవేటు మేలా?

అమెరికాలో మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరద నష్టానికి పైసా ఇవ్వదు. దానికి విడిగా ఫ్లడ్ పాలసీ కొనాలి: ఫెడరల్ ప్రభుత్వ పథకం కిందో, ప్రైవేటు కంపెనీ దగ్గరో. ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా వరద మ్యాపులో మీ ఇల్లు ఏ లేదా వీ అక్షరంతో మొదలయ్యే హై రిస్క్ జోన్‌లో ఉంటే, ఫెడరల్ అండ ఉన్న లోనుకు ఫ్లడ్ పాలసీ తప్పనిసరి. రిస్క్ తక్కువున్న ఎక్స్ జోన్ అయితే లెండర్ అడగకపోవచ్చు. అడగలేదని ఊరుకోకండి: 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో హై రిస్క్ జోన్ల బయటి ఇళ్లూ వేలల్లో మునిగాయి.

పరిమితి: ఫెడరల్‌లో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకు 1,00,000. సామాను కవర్ విడిగా అడిగి తీసుకోవాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. పైగా సామానుకు ఇచ్చేది తరుగు పోను విలువే. ప్రైవేటులో పరిమితి ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

వెయిటింగ్: ఫెడరల్‌కు సాధారణంగా 30 రోజులు, లోన్ క్లోజింగ్‌తో పాటే తీసుకుంటే ఉండదు. ప్రైవేటులో తరచూ తక్కువ.

ఇల్లు బాగయ్యేదాకా బయట అద్దెకుంటే: ఆ ఖర్చు ఫెడరల్ ఇవ్వదు. ప్రైవేటులో చాలా పాలసీలు ఇస్తాయి.

బేస్‌మెంట్: ఫెడరల్‌లో ఫర్నేస్, వాటర్ హీటర్‌కు కవర్ ఉంది, సోఫాకు, కార్పెట్‌కు లేదు. ప్రైవేటులో పాలసీ పత్రం చదవాల్సిందే.

రెన్యువల్: క్లెయిమ్ తర్వాత ప్రైవేటు కంపెనీ వద్దనవచ్చు. అప్పుడు ఫెడరల్‌కు తిరిగొస్తే పాత రాయితీ రేటు పోయే ప్రమాదముంది.

ఏదైనా సరే, తడిసిన కార్పెట్ పారేసే ముందు ఫొటోలు తీసి, ఒక ముక్క కోసి దాచండి.

ఏటి పక్కనో, ఒకసారి మునిగిన ఇల్లో అయితే ఫెడరలే నయం. ఎక్స్ జోన్‌లో ఖరీదైన ఇల్లయితే ప్రైవేటు కోట్ తప్పక అడగండి.