మామిడి అంటు మొక్కలు కొనేవాళ్లు జాగ్రత్త: టేపు చూసి మోసపోకండి

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధిలోకి మొక్కల వ్యాను వచ్చింది. మైకులో మళ్లీ అదే మాట: "బంగినపల్లి, సువర్ణరేఖ, అసలైన అంటు మొక్కలు, మూడో ఏడు కాపు!" అంటు మొక్క అంటే టెంక నుంచి మొలిచిన మొక్కకి మంచి రకం చెట్టు పుల్లని అతికించి కట్టినది. పక్కింటివాళ్లు పర్సు పట్టుకుని బయల్దేరితే నేనే ఆపాను. విజయనగరంలో, ఇటు నెల్లిమర్ల, గజపతినగరం వైపు, తొలకరికి పెరట్లో మామిడి వేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి తెలియాలనే ఇది రాస్తున్నాను.

2021 జూన్‌లో, మృగశిర కార్తె వచ్చిన వారంలో, ఇలాంటి వ్యాను దగ్గరే నాలుగు సువర్ణరేఖ మొక్కలు కొన్నాను. ఒక్కోటి 350 రూపాయలు. మా అత్తగారికి ఆ పండంటే ప్రాణం. "నిజంగా అంటు మొక్కేనా బాబూ?" అని అడిగితే, కాండానికి చుట్టిన ప్లాస్టిక్ టేపు చూపించి "ఇదిగోనమ్మా అంటు, కనబడతంది కదా" అన్నాడు. నమ్మేశాను. బిల్లు అడగలేదు.

మొక్కలు ఏపుగా పెరిగాయి. మూడో ఏడు పూత లేదు, నాలుగో ఏడూ లేదు. నీళ్లు ఎక్కువయ్యాయేమో, గెత్తం (పశువుల ఎరువు) చాలలేదేమో అని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం. ఈ ఏడు కూడా సంక్రాంతి దాటాక వీధిలో చెట్లన్నీ పూతతో నిండిపోతే, మా పెరట్లో ఆకులే. టెన్షన్ పట్టలేక మా తోటల సంఘంలోని మాస్టారిని పిలిచాను. ఆయన ఆకుల వంక చూడనే లేదు. చెట్టు మొదట్లో కూర్చుని కాండం తడిమి, "అమ్మా, వీటిలో మూడింటికి అసలు అంటు కట్టలేదు, టెంక మొక్కలు. నాలుగోదానికి కట్టారు గానీ పైపుల్ల చచ్చిపోయి, కింద నుంచి వచ్చిన చిగురే చెట్టయింది" అన్నారు.

టెంక మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లో, ఇంకా ఎక్కువో పట్టొచ్చు. అప్పుడైనా సువర్ణరేఖే కాస్తుందన్న నమ్మకం లేదు. పోయిన 1,400 రూపాయల కన్నా పోయిన ఏళ్లే నన్ను ఎక్కువ బాధపెడుతున్నాయి. మా అత్తగారికి ఇప్పుడు 81.

కాబట్టి టేపు ఉంటే విప్పించి చూడండి. విప్పనంటే ఆ మొక్క వద్దు. నిజమైన అంటుకి మట్టికి జానెడు పైన అతుకు కనిపిస్తుంది: కాస్త ఉబ్బుగా, పైనా కిందా బెరడు తేడాగా. చిగుళ్లు అతుకు పైనుంచే రావాలి. కింద నుంచి వచ్చినవాటిని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. మేము ఆ పని చేయకే నాలుగోది పోయింది. మన రాష్ట్రంలో ఉద్యాన నర్సరీలు రిజిస్టర్ చేసుకోవాలని 2010లోనే చట్టం వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ ఉన్నచోట కొని, రకం పేరు రాసిన బిల్లు తీసుకోండి. బిల్లు ఉంటే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పుకోవడానికైనా ఆధారం ఉంటుంది. నా చేతిలో ఏమీ లేదు.

తొందర కూడా వద్దు. తొలి జల్లు పడగానే ఆ వ్యాన్లు వచ్చేది మన తొందర తెలిసే. గొయ్యి ఎండాకాలంలోనే మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు తవ్వి ఎండనివ్వాలని, పైమట్టిలో మాగిన గెత్తం, వేపపిండి కలిపి నింపాలని, వానలు నిలకడగా పడ్డాకే నాటాలని మా సంఘంలో ఏటా చెబుతారు. అతుకు మాత్రం మట్టిలో కప్పబడిపోకూడదు. ఆరుద్ర కార్తె వరకు ఆగినా నష్టం లేదు. ఈలోగా తెలిసినవాళ్లని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి మొక్కలు చూసుకోవచ్చు.

మా చెట్లు కొట్టేయొద్దన్నారు మాస్టారు. ఈ వానల్లో రెండింటికి అక్కడికక్కడే అంటు కట్టిస్తానన్నారు. పుల్లలు ఆయన పెరట్లో కాస్తున్న సువర్ణరేఖ చెట్టువే. ఆ కాయలు రెండు మొన్న మా అత్తగారికి పంపించారు కూడా.