పీఎస్5 ఇన్నేళ్లు వాడాక: నేనైతే డిస్క్ డ్రైవ్ ఉన్నదే కొనమంటాను

సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5, అంటే పీఎస్5, మన దేశంలో అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. డిస్క్ డ్రైవ్ ఉన్న మోడల్ 49,990 రూపాయలు, డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ 39,990. రెండింట్లోనూ ప్రాసెసర్ ఒకటే, గ్రాఫిక్స్ ఒకటే, గేమ్‌లు దాచే 825 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటే. పదివేల తేడా అంతా ఆ డ్రైవ్‌కే. "ఈ రోజుల్లో డిస్కులెవరు వాడతారు, ఆ పదివేలు మిగుల్చుకో" అని ఆఫీసులో చాలామంది చెప్పారు. నేను డిస్క్ ఉన్నదే తీసుకున్నాను. ఇన్నేళ్లు వాడాక ఈ మెషీన్ గురించి ఎవరడిగినా ముందు ఆ డ్రైవ్ సంగతే చెబుతున్నాను, గ్రాఫిక్స్ మాట తర్వాత.

లెక్క చాలా సింపుల్. సోనీ సొంత గేమ్‌లు పీఎస్5కి వచ్చేసరికి విడుదల ధర 4,999 దాకా వెళ్లింది. డిజిటల్‌గా కొంటే ఆ డబ్బు అక్కడితో సరి. గేమ్ పూర్తయ్యాక అమ్మలేం, ఇంకొకరికి ఇవ్వలేం. డిస్క్ అయితే అలా కాదు. కథ పూర్తి చేసి, వేడి తగ్గకముందే అమ్మేస్తే సగానికి పైగా వెనక్కి వస్తుంది. దానికి ఇంకొంత కలిపితే తర్వాతి గేమ్ వచ్చేస్తుంది. ఇలా కొన్ని గేమ్‌లు చేతులు మారేసరికే నేను ఎక్కువ పెట్టిన పదివేలు తిరిగొచ్చాయి. ఆ తర్వాతదంతా మిగులే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు వెళ్లినప్పుడల్లా ఒక చిన్న షాపులో ఎక్స్‌ఛేంజ్ చేస్తుంటాను. షాపతను డిస్క్‌ని అంచులు పట్టుకుని బయటకు తీసి, ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వాల్చి చూస్తాడు. మధ్య నుంచి అంచు వైపు నిలువుగా వెళ్లే సన్నటి గీతని పెద్దగా పట్టించుకోడు. ట్రాక్ వెంబడి గుండ్రంగా పడిన గీత కనబడిందంటే మాత్రం ధర తగ్గిస్తాడు, లేదంటే అక్కడే కన్సోల్‌లో పెట్టి చూస్తాడు. "ఫుట్‌బాల్‌ది వద్దన్నా, సెప్టెంబర్‌లో కొత్తది వచ్చేస్తది, దీన్నెవరూ అడగరు. ఎల్డెన్ రింగ్ ఉంటే పట్రా, ఎప్పుడైనా తీసుకుంటా" అన్నాడొకసారి. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇదే: ఏటా కొత్తది వచ్చే స్పోర్ట్స్ గేమ్‌లు కొంటే భారీ డిస్కౌంట్‌లో డిజిటల్‌గా కొంటాను, కథ ఉన్న పెద్ద గేమ్‌లు డిస్క్‌లో కొంటాను. ఎల్డెన్ రింగ్ తీసిన ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ గేమ్‌లకు పాతబడినా గిరాకీ ఉంటుంది, ధర అంత తొందరగా పడదు.

అమ్మడం ఒక్కటే కాదు, ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంది. మా తమ్ముడు విజయవాడలో ఉంటాడు. 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్' నేను ముందు ఆడి బస్సు పార్శిల్‌లో వాడికి పంపాను. వాడు 'స్పైడర్‌మ్యాన్ 2' పంపాడు. ఒక్కొక్కరం ఒక్క గేమ్ డబ్బుతో రెండు ఆడాం. "అన్నయ్యా, ముందు గేమ్‌లో ఆ విలన్ బాల్డర్ చచ్చిన తర్వాత కథేంటో చెప్పొద్దు, నేనింకా మొదలుపెట్టలేదు" అని వాడు ఫోన్లో అరవడం కూడా ఈ సరదాలో భాగమే. నా దగ్గర అప్పటికే ఉన్న, ముందు తరం కన్సోల్ పీఎస్4 డిస్కులన్నీ ఇందులో ఆడాయి. 2022 డిసెంబర్‌లో 'విచర్ 3'కి పీఎస్5 అప్‌గ్రేడ్ ఉచితంగా ఇచ్చినప్పుడు, పాత పీఎస్4 డిస్క్ పెట్టే దాన్ని తీసుకున్నాను. డిజిటల్ ఎడిషన్ కొన్నవాళ్లకి, ఇంట్లో పీఎస్4 డిస్క్ ఉన్నా ఆ దారి లేదు.

డిస్క్ ఉంటే చాలు అంతా క్షేమం అని మాత్రం నేను అనను. 2022లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడరన్ వార్‌ఫేర్ 2' డిస్క్‌లో ఉన్నది దాదాపు 70 ఎంబీ. మిగతాదంతా డౌన్‌లోడే. డబ్బా కొన్నా లోపల ఉన్నది తాళంచెవి మాత్రమే. యూబీసాఫ్ట్ వాళ్ల కార్ రేసింగ్ గేమ్ 'ది క్రూ' పరిస్థితి ఇంకా ఘోరం. సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. ఒంటరిగా ఆడుకునే భాగానికి కూడా సర్వర్ కావాలి కాబట్టి డిస్క్ ఉన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. డబ్బు పెట్టి కొన్న వస్తువుని ఇలా ఇంట్లో ఉండగానే పనికిరాకుండా చేయడం నాకు అస్సలు మింగుడుపడదు. గేమ్ ఆపేయాల్సి వస్తే ఆఫ్‌లైన్‌లో ఆడుకునే ఏర్పాటు చేసి ఆపాలి. ఈ విషయంలో యూరప్‌లో లక్షల మంది సంతకాలు పెట్టారంటే ఊరికే కాదు.

అందుకే 2024 నుంచి వస్తున్న హార్డ్‌వేర్ వార్తలు చూస్తుంటే నాకు టెన్షన్‌గానే ఉంది. ఇంకా శక్తివంతమైన మోడల్ పీఎస్5 ప్రో 2024 నవంబర్ 7న అమెరికాలో 699.99 డాలర్లకు వచ్చింది, అదీ డిస్క్ డ్రైవ్ లేకుండా. డ్రైవ్ కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. అది విడుదలైన దేశాల జాబితాలో మన దేశాన్ని చేర్చనే లేదు. అందులో వాడిన వైఫై 7కి కావాల్సిన 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మన దగ్గర అప్పటికి అనుమతి లేకపోవడమే కారణమని సోనీ చెప్పింది. అంతకు నెల ముందే మైక్రోసాఫ్ట్ డ్రైవ్ లేని ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ తెచ్చింది. 2025 జూన్ 5న వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని గేమ్‌లు 'గేమ్ కీ కార్డ్' పేరుతో వస్తున్నాయి. కార్డ్‌లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవాలి, ఆడేటప్పుడు కార్డ్ పెట్టాలి. తిరిగి అమ్ముకోవచ్చు కాబట్టి పూర్తి డిజిటల్ కంటే నయమే. కానీ పదిహేనేళ్ల తర్వాత ఆ డౌన్‌లోడ్ ఉంటుందన్న గ్యారంటీ ఎవరిస్తారు? 2021 మార్చిలో పాత కన్సోల్ పీఎస్3, చేతిలో పట్టుకుని ఆడే వీటాల ఆన్‌లైన్ స్టోర్లను మూసేస్తామని సోనీ ప్రకటించింది, జనం గొడవ చేశాక ఏప్రిల్‌లో వెనక్కి తగ్గింది. ప్రతిసారీ అలా తగ్గుతుందని నమ్మి వేల రూపాయల లైబ్రరీ పెట్టుకోవడం నాకు ధైర్యం చాలని పని.

ఇక మెషీన్. ఎస్ఎస్‌డీ వేగం అలవాటయ్యాక వెనక్కి వెళ్లడం కష్టం. సెకనుకి 5.5 జీబీ చదువుతుందన్న అంకె కాగితం మీద ఏమీ అనిపించదు. 'డెమన్స్ సోల్స్'లో చచ్చిపోయి, మళ్లీ లేచే మధ్యలో ఫోన్ చేతిలోకి తీసుకునేంత వ్యవధి లేనప్పుడు అర్థమవుతుంది. కష్టమైన గేమ్‌లు విసుగు లేకుండా ఆడగలుగుతున్నానంటే దానికి సగం కారణం ఇదే.

పీఎస్5తో వచ్చే డ్యువల్‌సెన్స్ కంట్రోలర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. 'రిటర్నల్' మొదలవగానే వాన పడుతుంటుంది. ఒక్కో చినుకు అరచేతుల్లో అక్కడక్కడా సన్నగా తగులుతున్నట్టే ఉంటుంది, పాత కంట్రోలర్లలో లాగా మొత్తం గడగడా వణకడం కాదు. అదే గేమ్‌లో ఎడమ ట్రిగ్గర్ సగం నొక్కితే గురి చూస్తాం. అక్కడ వేలికి ఒక అడ్డు తగిలి ఆగుతుంది. దాన్ని దాటి పూర్తిగా నొక్కితే రెండో ఆయుధం సిద్ధమవుతుంది. ఒక్క బటన్‌తో రెండు పనులు, చూడకుండానే వేలికి తెలిసిపోతుంది. 'రాచెట్ అండ్ క్లాంక్'లో షాట్‌గన్ కూడా అంతే, సగం నొక్కితే ఒక గొట్టం, పూర్తిగా నొక్కితే రెండూ పేలతాయి. బాధేంటంటే ఇంత మంచి సదుపాయాన్ని బయటి స్టూడియోల్లో చాలామంది ఏదో పేరుకి వాడి వదిలేశారు. దీన్ని పూర్తిగా వాడుకున్నది 2024లో గేమ్ ఆఫ్ ది ఇయర్ తెచ్చుకున్న 'ఆస్ట్రో బాట్'. పిల్లల గేమ్ అనుకుని వదిలేయకండి.

కంట్రోలర్ మీద బొటనవేళ్లతో తిప్పే స్టిక్‌ల విషయం తెలిసే కొనండి. డ్యువల్‌సెన్స్‌లోనే కాదు, మామూలు కన్సోల్ కంట్రోలర్లలో ఎక్కువ శాతం పొటెన్షియోమీటర్ స్టిక్‌లే ఉంటాయి. లోపల రాపిడి ఉంటుంది కాబట్టి అరిగిపోవడం సహజం, అరిగితే వేలు పెట్టకపోయినా పాత్ర తనంతట తానే నడుస్తుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లలో ఈ రాపిడి లేదు. ఇంత ధర పెట్టే కంట్రోలర్లలో అవే ఇవ్వాలని నేను గట్టిగా అంటాను.

సైజు గురించి అందరూ చెప్పేశారు, నిలబెడితే 39 సెంటీమీటర్లు. మా టీవీ యూనిట్‌లో పట్టక పక్కన బల్ల మీద పెట్టాం. అంతకంటే మన ఇళ్లలో ముఖ్యమైనవి దుమ్ము, కరెంట్. మొదటి మోడల్ తెల్లటి మూతలు స్క్రూలు లేకుండానే పైకెత్తి జరిపితే వచ్చేస్తాయి. లోపల దుమ్ము చేరడానికే రెండు రంధ్రాలు పెట్టారు, వాక్యూమ్ క్లీనర్ గొట్టం అక్కడ పెడితే సరిపోతుంది. ఆలోచించి చేసిన డిజైన్ అంటే ఇదీ. మా వీధిలో రోడ్డు పని జరిగినన్నాళ్లూ నెలనెలా శుభ్రం చేశాను, ఫ్యాన్ చప్పుడు ఎప్పుడూ పెరగలేదు.

కరెంట్ పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న గ్యాప్‌లో కన్సోల్ ఆఫ్ అయిపోవచ్చు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే దాన్ని వేయండి, మారడం వేగంగా జరుగుతుంది. పీఎస్5 గేమ్ ఆడేటప్పుడు మెషీన్ దాదాపు 200 వాట్లు లాగుతుంది, టీవీ అదనం, ఆ లెక్క చూసుకుని పెట్టుకోవాలి. వేసవిలో కోతలున్న ఊళ్లలో రెస్ట్ మోడ్‌లో (నిద్రపుచ్చి) వదిలేయకుండా పూర్తిగా ఆఫ్ చేయడమే మేలు.

825 జీబీలో మనం వాడుకోగలిగేది 667. పెద్ద గేమ్‌లు నాలుగైదు పెడితే నిండిపోతుంది. ఎం.2 ఎస్ఎస్‌డీ వేసుకోవచ్చు, జెన్ 4 రకం, వేడిని లాగేసే లోహపు రేకు (హీట్‌సింక్) తప్పనిసరి. ఆ ఖర్చు వద్దనుకుంటే యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కొనండి. పీఎస్5 గేమ్‌లను అందులో దాచుకోవచ్చు, ఆడాలంటే లోపలికి మార్చుకోవాలి. పీఎస్4 గేమ్‌లు అందులోంచే ఆడతాయి.

నాకు బాగా కోపం తెప్పించేది ధర. కన్సోల్ పాతబడేకొద్దీ చవకవ్వడం చూస్తూ పెరిగినవాళ్లం. పీఎస్5 మన దగ్గర 2022 నవంబర్‌లో 54,990కి ఎక్కింది. అమెరికాలో 2025 ఆగస్టులో 50 డాలర్లు పెంచి డిస్క్ మోడల్‌ని 549.99 చేశారు. ఆన్‌లైన్‌లో ఆడటానికి కట్టే పీఎస్ ప్లస్ ఏడాది చందా 2023లోనే పెరిగింది. ఇన్ని పెరుగుతున్నప్పుడు, మామూలు జీతంతో ఈ హాబీని నిలబెట్టుకోవడానికి నాకు కనిపించే ఒకే ఒక్క దారి డిస్కులు మార్చుకోవడం.

పీఎస్5లోనే సన్నటి స్లిమ్ మోడల్ 2024 ఏప్రిల్ 5న మన దగ్గరకి వచ్చింది, 1 టీబీతో. అందులో డ్రైవ్‌ని విడిగా తగిలించుకోవచ్చు, మొదటిసారి జత చేయడానికి ఇంటర్నెట్ కావాలి. కొత్తది కొనేవాళ్లు డ్రైవ్ ఉన్న స్లిమ్ తీసుకోండి. పాత మోడల్ సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు మాత్రం మీ చేత్తో ఒక పీఎస్4 డిస్క్, ఒక పీఎస్5 డిస్క్ పట్టుకెళ్లండి. ఆ మోడల్‌లో డ్రైవ్ బోర్డు, మదర్‌బోర్డు ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. రిపేరులో ఒకటి మార్చేసి ఉంటే కన్సోల్ బాగానే ఆన్ అవుతుంది, డిస్క్ మాత్రం చదవదు. అమ్మేవాళ్లు డిజిటల్ గేమ్ ఆడించి చూపిస్తే సరే అనకుండా రెండు డిస్కులూ పెట్టి, ఇన్‌స్టాల్ మొదలయ్యేదాకా ఆగి, ఎజెక్ట్ చేసి చూసుకున్నాకే డబ్బులివ్వండి.