రైజెన్ 5 5600జీ: అనంతపురం ఎండకు, కరెంటుకు తట్టుకునేలా కట్టించుకోవాలంటే

చిన్న ఆఫీసుకైనా, డీటీపీ సెంటర్‌కైనా, ఇంట్లో పిల్లల చదువుకైనా గ్రాఫిక్స్ కార్డు లేకుండా సిస్టమ్ కట్టించాలంటే ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ ఇప్పటికీ గట్టి సరుకే. 2021 ఆగస్టులో వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు. వేగా గ్రాఫిక్స్ లోపలే ఉంది, కూలర్ పెట్టెలోనే వస్తుంది. పక్కన ట్యాలీ, బ్రౌజర్ తెరిచి పెట్టుకుని ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ డిజైన్ చేసుకున్నా మొరాయించదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ ఒక్కటే నడిపేవాళ్లకు మాత్రం ఇంత అక్కర్లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆరు కోర్లతో దానికేం పని? ఇంటెల్ ఐ3-12100 ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు చాలు. ఒక్క కోరుతో నడిచే పాత సాఫ్ట్‌వేర్‌లో అదే కాస్త చురుకు కూడా.

పేరు చివరి అక్షరం చూసి కొనండి. 5600లోనూ 5500లోనూ గ్రాఫిక్స్ లేదు, 12100ఎఫ్‌లోనూ లేదు. రేటు తక్కువని అవి తెస్తే మానిటర్‌లో బొమ్మే రాదు. పాత స్టాకు బీ450 బోర్డయితే బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసేదాకా 5600జీని గుర్తించకపోవచ్చు. ఆ పని షాపులోనే చేయించుకుని, డిస్‌ప్లే వచ్చాకే డబ్బు కట్టండి.

ఈ ప్రాసెసర్ బలమంతా ర్యామ్ మీదే ఆధారపడింది. దాని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. ఒకే 16 జీబీ స్టిక్కు పెడితే సింగిల్ ఛానెల్‌లో నడుస్తుంది, అంటే దారి సగమైపోతుంది. రెండు 8 జీబీ స్టిక్కులు వేస్తే అదే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ పని ఎంత తేలికవుతుందో కంటికే తెలుస్తుంది. కొటేషన్లలో మాత్రం ఎక్కువగా ఒకే స్టిక్కు రాసిస్తారు, 'తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు సార్' అంటూ. 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎగబాకిన తీరు చూశాక ఆ 'తర్వాత'ను నమ్ముకోవడం దండగ. నాలుగు స్లాట్ల బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. 3200 స్టిక్కు కొన్నా కొన్ని బోర్డుల్లో 2400 దగ్గరే ఆగిపోతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసున్న వేగానికి నడిపే సెట్టింగు) ఆన్ చేసి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడు సరిచూసుకోండి. విండోస్‌లో 16కు బదులు కొంచెం తక్కువ కనిపిస్తే కంగారు పడొద్దు, ఆ కాస్తా గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టుకున్నదే.

ఎస్‌ఎస్‌డీ విషయం సులువు. ఎస్‌ఎస్‌డీ డేటా వెళ్లే పీసీఐఈ దారి ఈ ప్రాసెసర్‌లో 3.0 దాకానే, కాబట్టి జెన్ 4 (పీసీఐఈ 4.0) ఎస్‌ఎస్‌డీకి ఎక్కువ పెట్టడం వృథా. పేరున్న కంపెనీ 500 జీబీ ఎన్‌వీఎంఈ తీసుకోండి.

'ఐ5 సిస్టమ్, కొత్త బోర్డు' అని మరీ చవకగా రాసిచ్చిన కొటేషన్ చేతికొస్తే ముందు ఎన్నో జనరేషనో అడగండి. హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్ అని ఉంటే అందులోది 2012 ప్రాంతపు పాత ప్రాసెసరే. బోర్డు మాత్రమే కొత్తది. విండోస్ 11 అధికారిక జాబితాలో అవి లేవు. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇక ఎస్‌ఎంపీఎస్, అంటే సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పవర్ సప్లై. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాన్ని వదిలేసి లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. 16 ఆంపియర్లని ఉంటే 12తో గుణించండి, 192 వాట్లు. బోర్డుకు, ప్రాసెసర్‌కు అసలు కావలసింది ఆ లైనే. ఈ సిస్టమ్ పూర్తి లోడులోనూ 150 వాట్లు దాటదు కాబట్టి అదీ నడుస్తుంది, కొన్నాళ్లు. కరెంటు ఎగిసిపడే చోట ఫిల్టర్లు, రక్షణ సర్క్యూట్లు ఎగ్గొట్టి చేసిన ఆ డబ్బా పోతూ పోతూ బోర్డునూ పట్టుకుపోగలదు. బ్రాంజ్ రేటింగున్న (కరెంటు వృథా తక్కువని పరీక్షించిన) 450 వాట్లది విడిగా కొనండి. డబ్బు చాలకపోతే క్యాబినెట్ లైట్లు మానుకోండి.

క్యాబినెట్‌ను తాకితే జివ్వుమంటే ఎస్‌ఎంపీఎస్ చెడిందని మార్చేయకండి. ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోతే లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల బాడీ మీదకు దాదాపు 115 వోల్టులు వస్తుంది. అనంతపురం ఎండు నేలలో ఎర్త్ గుంత ఎండాకాలం బాగా ఆరిపోతుంది. నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి.

క్యాబినెట్ ముందు భాగం జాలీదైతే మేలు. ముందు ఒక ఫ్యాన్ గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ల ఆఫీసులకైతే ముందు డస్ట్ ఫిల్టర్ తప్పనిసరి, దాన్ని వారానికోసారి దులపాలి. రాతిపొడి కూలర్ రెక్కల్లో పేరుకుంటే గాలి ఆడదు. 95 డిగ్రీలు తగిలితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 'మధ్యాహ్నం స్లో అయిపోతోంది' అనే ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది అక్కడే.

శుభ్రం చేయడానికి కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త. 5600జీ కూర్చునే ఏఎం4 సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. మధ్యలో పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉన్నప్పుడు కూలర్‌ను నిట్టనిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడి వచ్చి పిన్నులు వంగుతాయి. పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్టు వేడెక్కాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయాలి.

యూపీఎస్ 600 వీఏది చాలు, సుమారు 360 వాట్లు ఇస్తుంది. సిస్టమ్, మానిటర్, రూటర్ దాని మీద పెట్టండి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం గోడ ప్లగ్గుకే ఇవ్వండి. దాని ఫ్యూజర్ (టోనర్‌ను కాగితానికి అతికించే వేడి భాగం) వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకు ఇంత చిన్న యూపీఎస్ ఓవర్‌లోడై, తెరిచున్న ఫైలుతో సహా సిస్టమ్‌ను ఆపేస్తుంది.