ఇంట్లో చదివే పిల్లకి పదో తరగతి సైన్స్: ఎన్‌ఐఓఎస్ మేలా, ఏపీ ఓపెన్ స్కూలా, కేంబ్రిడ్జా?

పిల్లని బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నామని చెప్తే, మనవైపు చుట్టాలు ముందు అడిగేది "మరి పది ఎట్టా రాస్తుంది?" అనే. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు ఇంట్లో నెట్టుకురావచ్చని అందరూ ఒప్పుకుంటారు. సైన్స్ దగ్గరికొచ్చేసరికి కన్నవాళ్లకే టెన్షన్ మొదలవుతుంది. ల్యాబ్ ఏది? ప్రాక్టికల్స్ ఎవరు చేయిస్తారు? రేపు ఇంటర్లో ఎంపీసీయో బైపీసీయో తీసుకుంటే తట్టుకుంటుందా?

కావలిలో ఉండే మా అక్క ఇప్పుడు ఈ ప్రశ్నలతోనే సతమతమవుతోంది. కూతురికి పద్నాలుగు నిండాయి. నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను కాబట్టి ఏది మేలో తేల్చే పని నా మీద పెట్టింది. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలైన ఎన్‌ఐఓఎస్, మన ఏపీ ఓపెన్ స్కూల్, ఇంగ్లండ్ బోర్డు కేంబ్రిడ్జ్, ఈ మూడు దారుల సిలబస్‌లూ, పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. ఇదే సందేహంలో ఉన్న మిగతా తల్లిదండ్రులకి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

సీబీఎస్ఈ పది ఇంట్లో చదివి నేరుగా రాయించేద్దామని చాలామంది అనుకుంటారు. అది కుదరదు. ఆ బోర్డులో ప్రైవేటు అభ్యర్థిగా రాసే వీలు ప్రధానంగా అంతకుముందు ఆ పరీక్ష రాసి తప్పినవాళ్లకే. కాబట్టి ఆ పేరు పక్కన పెట్టేయండి.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు వేరు, చదువుకునే పుస్తకం వేరు. బడికెళ్లే పిల్లలకి ఈ రెండూ ఒకటే, వాళ్ల చేతుల్లో లేదు. ఇంట్లో చదివే పిల్లకి ఆ కట్టుబాటు లేదు. పరీక్ష ఒక బోర్డుది రాస్తూ, పాఠం ఇంకో పుస్తకంలో చదవొచ్చు, ప్రయోగాలు మూడో చోటి నుంచి తెచ్చుకోవచ్చు. ఈ వెసులుబాటు వాడుకోకుండా "ఏ బోర్డు గొప్ప" అని వాదించుకోవడంలోనే తల్లిదండ్రులకి పుణ్యకాలం గడిచిపోతోంది.

పరీక్ష వరకూ చూస్తే నా ఓటు ఎన్‌ఐఓఎస్‌కే. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇది. పద్నాలుగు నిండితే పదికి చేరొచ్చు. ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబర్-నవంబర్లోనూ పబ్లిక్ పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే అయిదేళ్లు చెల్లుతుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. సైన్స్‌కి ఇది పెద్ద వరం. తెలుగు, సోషల్ ముందు రాసేసి, సైన్స్‌ని ఇంకో ఆరు నెలలు నిదానంగా చదివించి తర్వాత రాయించొచ్చు. తెలుగు మీడియం కూడా ఉంది.

దాని సైన్స్ కోర్సు ఏడు భాగాలు: కొలతలు, పదార్థం, చలనం, శక్తి, జీవ ప్రపంచం, సహజ వనరులు, మనిషి-పర్యావరణం. బడిలో తొమ్మిదికీ పదికీ పంచిన పాఠాలు ఇక్కడ ఒకే కోర్సులో వస్తాయి. టీచరు పక్కన లేకుండా చదివే పిల్లల కోసమే రాసిన పుస్తకం కాబట్టి కొంచెం చెప్పి వెంటనే ప్రశ్న అడుగుతుంది, జవాబులు పాఠం చివర ఉంటాయి. పిల్ల తనంతట తానే సరిచూసుకోవచ్చు. లోపం కూడా చెప్పాలి. వాక్యం పొడిగా ఉంటుంది, బొమ్మలు నిర్జీవంగా ఉంటాయి, లెక్కలు తక్కువ. ఎంపీసీకి వెళ్లే పిల్లకి ఈ పుస్తకం ఒక్కటే అయితే ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్‌లో ఊపిరాడదు.

ఎన్‌ఐఓఎస్ పేరు చెప్పగానే "అది రాస్తే డాక్టర్ కాలేరు" అనేవాళ్లు మనవైపు ఇంకా ఉన్నారు. ఓపెన్ స్కూల్లో ఇంటర్ చదివినవాళ్లు నీట్ రాయొచ్చా లేదా అనే వివాదం ఏళ్ల తరబడి నడిచిన మాట నిజమే. 2024 మార్చిలో సుప్రీంకోర్టులో అది తేలిపోయింది, గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల పిల్లలు నీట్‌కి అర్హులే. ఎన్‌ఐఓఎస్ సీనియర్ సెకండరీ, అంటే ఇంటర్ స్థాయి పరీక్ష, కనీసం అయిదు సబ్జెక్టులతో పాసైతే జేఈఈ మెయిన్‌కీ పనికొస్తుంది. పది అక్కడ రాసి ఇంటర్‌కి మామూలు కాలేజీలో చేరే పిల్లకి ఈ బెంగే అక్కర్లేదు.

ఏపీ ఓపెన్ స్కూల్, అదే మన సార్వత్రిక విద్యాపీఠం, గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఊళ్లో హైస్కూల్లోనే స్టడీ సెంటర్ దొరుకుతుంది, సెలవు రోజుల్లో తరగతులుంటాయి, ఖర్చు తక్కువ, ఆఫీసు పనులకి తెలుగులో మాట్లాడితే సరిపోతుంది. దర్శిలోనో ఉదయగిరిలోనో ఉండి, ఇంగ్లీషు అంతగా రాని పిల్ల అయితే నేను దీన్నే ముందు చూడమంటాను. కానీ దీని సైన్స్ మధ్యలో చదువాపేసిన వాళ్లు పది గట్టెక్కడానికి సరిపోయేలా ఉంటుంది. సైన్స్ మీద ఆశ ఉన్న పిల్లకి చాలదు.

కేంబ్రిడ్జ్, అంటే పదో తరగతి స్థాయిలో ఆ బోర్డు పెట్టే ఐజీసీఎస్ఈ పరీక్ష, సంగతి వేరు. సిలబస్‌గా చూస్తే మూడింట్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విడివిడిగా తీసుకోవచ్చు, లేదా కలిపిన సైన్స్ తీసుకోవచ్చు. 2023 నుంచి ఫిజిక్స్‌లో అంతరిక్షం మీద ప్రత్యేక భాగం పెట్టారు. శ్రీహరికోట రాకెట్ లేచిన ప్రతిసారీ మిద్దె మీదికి పరిగెత్తే మన నెల్లూరు పిల్లలకి ఆ పాఠం ఎంత దగ్గరగా ఉంటుందో చెప్పక్కర్లేదు. కానీ ప్రైవేటుగా రాసే పిల్లని చేర్చుకునే పరీక్షా కేంద్రాన్ని వెతుక్కోవాలి, మనకి అది దాదాపు చెన్నై మాటే. ఫీజు సబ్జెక్టుకి ఇంతని వేలల్లో ఉంటుంది. ఆపైన రానూపోనూ ఖర్చులు, బస, తర్వాత మన ఇంటర్ కాలేజీలో చేరేటప్పుడు సమానత్వ పత్రం కోసం తిరగడం. విదేశీ చదువు ముందే ఖాయం చేసుకున్న ఇల్లయితే సరే. లేకపోతే ఆ డబ్బుతో ఇంట్లో చిన్న ల్యాబ్ పెట్టుకోవచ్చు.

ఇక పుస్తకాల సంగతి. కరెంటుకీ వోల్టేజీకీ ఉన్న సంబంధం చెప్పే ఓమ్ నియమం ఒక్కటి తీసుకుని మూడు చోట్లా చూడండి, తేడా అర్థమవుతుంది. సీబీఎస్ఈ బడుల్లో వాడే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం అర మీటరు నిక్రోమ్ తీగ, నాలుగు 1.5 వోల్టుల సెల్స్, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు తెచ్చుకోమంటుంది. ఒక్కో సెల్ పెంచుతూ కొలిచి గ్రాఫ్ గీయమంటుంది. నియమం ఆ తర్వాత చెప్తుంది. ఎన్‌ఐఓఎస్ పుస్తకం విషయం వివరించి, చదివింది తలకెక్కిందో లేదో అక్కడికక్కడే పరీక్షిస్తుంది. కేంబ్రిడ్జ్‌లో ప్రాక్టికల్‌కి బదులు రాసే పేపర్ ఒకటుంది. అందులో అమ్మీటరు బొమ్మ ఇచ్చి ముల్లు ఎంత చూపిస్తోందో రాయమంటారు, పట్టికలో యూనిట్లు నింపమంటారు, చివరికి ఒక ప్రయోగాన్ని నువ్వే ఎలా చేస్తావో ప్లాన్ చేయమంటారు. పరికరం ముట్టుకోకుండానే ప్రయోగం గురించి ఆలోచించడం నేర్పే పేపర్ అది. పాత ప్రశ్నపత్రాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కేంబ్రిడ్జ్ రాయకపోయినా వీటిని వారానికొకటి చేయించమని అక్కకి చెప్పాను.

ఎన్‌సీఈఆర్‌టీ చదవడానికి హాయిగా ఉంటుంది, మన రాష్ట్రంలో కూడా 2024-25 నుంచి పదికి ఆ సిలబస్సే వచ్చింది. ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండటం ఇంట్లో చదివే పిల్లకి చాలా మంచిది. అమ్మ తెలుగు పేజీ, పిల్ల ఇంగ్లీషు పేజీ చదివి మాట్లాడుకోవచ్చు. కానీ సిలబస్ తగ్గించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి ఆవర్తన పట్టిక (మూలకాల పట్టిక) పాఠాన్నీ, జీవ పరిణామాన్నీ, శక్తి వనరులనీ తీసేశారు. నాకు ఇది మింగుడుపడని విషయం. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లకి పళ్లు గారపట్టిన పిల్లలు, ఎముకలు వంగిన పెద్దవాళ్లు ఉన్నారు. తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఆ ఫ్లోరిన్ పట్టికలో క్లోరిన్‌కి పైనే ఎందుకుందో, పంటిపైనుండే కాల్షియం ఖనిజంతో అదెందుకంత తేలిగ్గా కలిసిపోతుందో మన పిల్లకి తెలియకపోతే ఎట్లా? పరిణామం లేకపోతే ఒంగోలు గిత్త కథ సగమే. బ్రెజిల్లో నెలోర్ పేరుతో పెరుగుతున్న పశువులు మన ఒంగోలు జాతి సంతతే. ఒక జాతిని ఎంపిక చేసి పెంచుతూ పోతే ఏమవుతుందో దానికంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది! ఆవర్తన పట్టిక ఎన్‌ఐఓఎస్‌లో ఉంది. రెండు పుస్తకాలూ కలిపి చదివించమనడానికి ఇదొక కారణం.

ఇంక ప్రాక్టికల్స్. మా బావకి అల్లూరు దగ్గర రొయ్యల గుంట ఉంది. అక్కడ రోజూ నీళ్లు పరీక్షించే అబ్బాయి గుంటలో నీళ్లు చిన్న గాజు సీసాలో పట్టి, రెండు మూడు చుక్కల మందు వేసి, వచ్చిన రంగుని కార్డు పక్కన పెట్టి చూస్తాడు. మొన్న మా పిల్ల అతని పక్కన నోటుబుక్కు పట్టుకుని నిలబడింది. పొద్దున 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నం మూడింటికి 8.5 చూపించింది. "పిన్నీ, ఎవరూ ఏమీ కలపలేదు గదా, ఎట్టా పెరిగింది?" అని ఫోన్ చేసింది. నీళ్లు ఆకుపచ్చగా ఎందుకున్నాయో ముందు చెప్పమన్నాను. కాసేపటికి తనే పట్టుకుంది: నీళ్లలో ఉన్న సన్న నాచు ఎండకి కార్బన్ డయాక్సైడ్ వాడేసుకుంటోంది, అది తగ్గితే నీళ్లలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగి, అన్నీ ఆక్సిజన్ పీల్చుకోవడమే ఉంటుంది కాబట్టే తెల్లవారుజామున ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగకుండా తిరగాలని వాళ్ల నాన్న ఎందుకంటాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆమ్లాలు-క్షారాల పాఠం, జీవక్రియల పాఠం పుస్తకంలో ఎక్కడెక్కడో ఉంటాయి, గుంట గట్టు మీద ఒక్కచోటే ఉన్నాయి. అలాంటివి మన జిల్లాల్లో కొల్లలు. ఇసకపల్లి ఉప్పు మడుల్లో స్ఫటికీకరణం, కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రంలో శక్తి మార్పిడి, చీమకుర్తి గ్రానైట్, మర్రిపాడు దారిలో సోమశిల నీళ్లు.

అలాగని పరీక్షలో అడిగే ప్రాక్టికల్స్ వీటితో తీరిపోవు. ఎన్‌ఐఓఎస్ సైన్స్‌లో ప్రాక్టికల్‌కి విడిగా మార్కులున్నాయి, ఇంటి దగ్గర రాసి పంపే అసైన్‌మెంట్‌కి ఇంకో 20 శాతం. ప్రాక్టికల్ స్టడీ సెంటర్లో చేయాలి. అక్క ముందు కనుక్కున్న ఒక సెంటర్లో "పరీక్ష రోజు వస్తే చాలమ్మా, మార్కులు మేం చూసుకుంటాం" అన్నారట. అలా అన్నచోట సైన్స్ పిల్లని చేర్చొద్దు. ఆ మార్కులతో ఇంటర్ ల్యాబ్‌లో బ్యూరెట్ పట్టుకున్న రోజు పిల్ల బిక్కమొహం వేస్తుంది.

అందుకని అక్కకి నేను చెప్పింది ఇది. పరీక్షకి ఎన్‌ఐఓఎస్ ఇంగ్లీషు మీడియం. పాఠానికి మన ప్రభుత్వ ద్విభాషా పుస్తకం, అందులో లేనివాటికి ఎన్‌ఐఓఎస్ పుస్తకం. ఎంపీసీ తీసుకునేటట్టయితే చివరి ఆరు నెలలు ఫిజిక్స్ లెక్కలు విడిగా. ఆలోచనకి పదును పెట్టడానికి కేంబ్రిడ్జ్ ప్రాక్టికల్ పేపర్లు. సెంటర్ ఎంచుకునే ముందు స్వయంగా వెళ్లి ల్యాబ్ గది తాళం తీయించి చూడాలి. మైక్రోస్కోప్ ఉందా, అమ్మీటరు ముల్లు కదులుతోందా, మామూలు రోజుల్లో పిల్లని వారానికి ఒక పూట కూర్చోనిస్తారా అని అడగాలి. రుసుము అడిగితే ఇవ్వొచ్చు, తప్పులేదు. కావలిలో అలాంటిది దొరక్కపోతే నెల్లూరు సెంటర్ పెట్టుకోమన్నాను, రైలెక్కితే గంట ప్రయాణం.